పేరొక్కటే రాయలేదు

ఒంటికి పోవుడు గురించి అడగనీకి పట్నం నుంచి డాక్టరమ్మ వచ్చిందంటె మా ఊరి ఆడోళ్ళు మొదలు నవ్విండ్రు. జరం గురించి అడిగెటోళ్ళను చూసినం. పిల్లలకు చుక్కలు పోసెటోళ్ళను చూసినం. ఇంట్ల ఎన్ని ఓట్లున్నయని అడిగెటోళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. గీ ముచ్చట అడగనీకి కారు కట్టుకొని ఎవరొస్తరు? పట్నంల నీళ్ళకు కరువొచ్చిందేమో, మనయి కొలుసుకొని పోతరేమో అని ఒక ముసలామె నా చెవుల అన్నది.

నారాయణఖేడ్ నుంచి కల్హేర్ దిక్కు పోతుంటె తారు రోడ్డు దిగి కోసెడు దూరం నడిస్తె మా ఊరు. నేను ఆడ ముప్పై ఏండ్లు కాన్పులు చేసిన మంత్రసానిని. ఊర్ల సగం మంది నా చేతులల్లకు జారి పడ్డోళ్ళే. తర్వాత దవాఖానల్నే కనాలె అని సర్కారోళ్ళు చెప్పవట్టిండ్రు, నా పని తగ్గింది. పని తగ్గిన చేతులు ఊకుండయి. రెండువేల ఒకటిల మా చర్చి వెనుక అర్రల పెద్దోళ్ళకు చదువు చెప్తుంటె పోయి కూసున్న. అప్పటికి నాకు యాభై దాటినయి. కాటికి కాళ్ళు చాపుకొని బలపం పట్టినవా అని నా పెనిమిటి ఎక్కిరించె. అక్షరాలు జల్దీ వచ్చినయి గని ఒత్తులు నన్ను ఏడిపిచ్చినయి. ఏడాదిన్నర పట్టింది. వచ్చినంక ఒకనాడు నారాయణఖేడ్ డిపోల నిలబడి ఉన్న బస్సుల బోర్డులన్నీ చదివిన, నేను ఎక్కేది ఒక్కటే అయినా.

ముసలితనంల అక్షరాలు వచ్చినోళ్ళకు ఒక రోగముంటది. అచ్చుల పడ్డదంటె అది గట్టి మాట అనుకుంటం. చిన్నప్పటి నుంచి చదివినోళ్ళు కాగితాన్ని మనిషి తీరుగనే అనుమానంతోని చూస్తరు. నాకు ఆ తెలివి లేకుండె.

డాక్టరమ్మ వచ్చింది రెండువేల మూడో నాలుగో. ముప్పై దాటని పిల్ల. మూత్ర రోగాలకు ఆపరేషన్లు చేసే డాక్టరు. ఊరి ఆడోళ్ళ సంగతి దీనికే ఎరుక అని నర్సమ్మ ఆమెను నా ఇంటికి తోలుకొచ్చింది. ఎందుకొచ్చినవు బిడ్డా అంటె నింపాదిగ చెప్పింది. ఆపరేషన్ చేసుడు నేర్చుకున్నదట. ఇప్పుడు ఇంకొక చదువు చదువుతున్నదట. ఈ రోగం ఊర్లల్ల ఎంతమందికి ఉన్నది, ఎందుకొస్తున్నది, ఉన్నోళ్ళు దవాఖానకు ఎందుకు వస్తలేరు, ఇవన్నీ ఇల్లిల్లు తిరిగి కనుక్కునే చదువు. రీసెర్చ్ అన్నది. దవాఖానకు వచ్చినోళ్ళనే చూస్తుంటె రానోళ్ళ సంగతి ఎట్ల తెలుస్తది అన్నది. ఆ మాట నాకు నచ్చింది. నేను కాన్పులు చేసిన ముప్పై ఏండ్లల్ల ఒక్క డాక్టరు సుత ఆ మాట అనలే.

ఆమెతోని ఇంకొక డాక్టరు వచ్చె, మొగాయన. ఆయన కత్తి పట్టడు. రోగాల లెక్క కట్టెటాయన. ఒక్క రోగిని చూడడు, ఊరు మొత్తాన్ని చూస్తడు. ఇద్దరిదీ ఒకటే ట్రైనింగు. కత్తి డాక్టరుకు లెక్క నేర్పాలె, లెక్క డాక్టరుకు రోగం నేర్పాలె. వీళ్ళ మీద పట్నంల ఒక పెద్ద సారు, వీళ్ళ కాగితాలు దిద్దెటాయన. నేను అడిగిన, ఇన్నేండ్లు చదివి కోసుడు నేర్చినోళ్ళకు అడుగుడు రాదా అని. డాక్టరమ్మ నవ్వి, అదే రాదు పెద్దమ్మా, అదే నేర్చుకోనీకి వచ్చినం అన్నది.

నిజంగనే రాదు. మొదటినాడు అచ్చేసిన ప్రశ్నల కాగితాలు పట్టుకొని తిరిగింది. మీకు మూత్ర విసర్జనపై నియంత్రణ ఉన్నదా అని ప్రతి ఇంట్ల అడిగింది. నియంత్రణ అంటె ఏందో మా ఆడోళ్ళకు తెల్వదు. షుగరు తీరుగ, బీపీ తీరుగ అదొక కొత్త రోగం అనుకున్నరు. ఆ రోగం నాకెందుకొస్తదమ్మా, నాకేం నియంత్రణ లేదు, మంచిగున్న అని ఒక్కొక్కతి గట్టిగ చెప్పింది. అర్థమైన ముసలామె ఒక్కతే, అదుపా, నా మొగని మీదనే లేదు బిడ్డా, దాని మీద ఏడికెళ్ళి వస్తది అన్నది. పొద్దుగూకె యాళ్ళకు లెక్క డాక్టరు కాగితాలు కూడితె ఊరు ఊరంత తడిసిపోయింది. ఇద్దరూ తలకాయలు పట్టుకొని నా వాకిట్ల కూసున్నరు. నాకు కడుపు నొచ్చేదాక నవ్వొచ్చింది. తర్వాత పాపమనిపిచ్చింది. ఇట్లనే పోతె నా ట్రైనింగు ఆగిపోతది అన్నది ఆ పిల్ల. ఆమెతోని చదివిన డాక్టర్లు ఆపరేషన్లు చేసుకుంట మంచిగ బతుకుతున్నరట. కత్తి ఇడిసిపెట్టి కాగితం పట్టుకున్నదని ఈమెను నవ్వుతరట.

నేనే చెప్పిన. గా మాట తీసెయ్యి, ఒంటికి అని అడుగు. అది సుత మొదలే అడగకు. ముందుగాల, బస్సెక్కి ఎన్ని నెలలాయె అని అడుగు. జారుడు రోగమున్న ఆడది బస్సెక్కదు. సంగారెడ్డి దాక రెండు గంటల పైన కూసోవాలె, నడిమిట్ల దిగనీకి లేదు, సీటు తడిస్తె బతుకు పోయె. అందుకే పుట్టినింటికి పోదు, పెండ్లికి పోదు. నడుము నొస్తుందంటది, మోకాలు నొస్తుందంటది. ఎన్ని నెలలాయె అంటె అది లెక్కబెట్టుకుంటది, లెక్కబెడుతుంటె దుఃఖమొస్తది, అప్పుడు చెప్తది.

అట్లనే అయ్యింది. రెండోసారి వచ్చినప్పుడు నేను పక్కకు కూసుండి అడిగిపిచ్చిన. ఆడోళ్ళు కొంగు మూతికి అడ్డం పెట్టుకొని చెప్పిండ్రు. కొందరి కాన్పులు నేను చేసినయే. ఇన్నేండ్లు నాకు సుత చెప్పలే. డాక్టరమ్మ మా ఇంట్లనే జొన్న రొట్టె తినేది, మధ్యాహ్నం నా మంచం మీదనే ఒరిగేది. పట్నం పోయినంక ఫోన్ చేసి, మా సారు మెచ్చుకున్నరు పెద్దమ్మా, బస్సు ప్రశ్న ఎవరు చెప్పిండ్రని అడిగిండ్రు అన్నది. నాకు పిల్ల పాసయినంత సంతోషమైంది.

ఇగ నా యారాలు సంగతి చెప్పాలె. యారాలంటె నా మరిది పెండ్లాం. రెండిండ్లకు వాకిలి ఒకటే. ఆమె చివరి కాన్పు నేను చేసిన. బిడ్డ అడ్డం తిరిగింది. బండి దొరకలే. తల్లిని బతికిచ్చిన, బిడ్డను బతికిచ్చిన, గని ఆ పొద్దు నుంచి ఆమెకు దగ్గితె జారుతది, తుమ్మితె జారుతది, బిందె ఎత్తితె జారుతది. నీ చేతుల పడ్డందుకే ఇట్లయింది అని ఒక్కసారన్న అన్లే. ఆ అనకపోవుడే నాకు ముల్లు.

ఆ రోగాన్ని దాచనీకి ఆమెకు ఒక అలవాటుండె. చర్చిల, పెండ్లిల, ఎవరింటికి పోయినా ఒక పని చేసేది. చూసెటోళ్ళు దాన్ని చాదస్తం అనుకునేది, షోకు అనుకునేది. పిల్లలు ఆ అలవాటు మీదనే ఆమెకు పేరు పెట్టిండ్రు, ముసలోళ్ళు సుత అదే పేరుతోని పిలిచేది. ఆమె నవ్వి పలికేది. నవ్వకపోతె ఎందుకు అని ఎవరన్న అడుగుతరని. అది ఎందుకో ఊర్ల ఇద్దరికే తెలుసు, ఆమెకూ నాకూ. నా మరిదికి సుత తెల్వదు.

డాక్టరమ్మకు చెప్పు, ఆపరేషన్ ఉన్నదట, బాగైతది అని నేను ఆమె వెంట పడ్డ. ఆమె వినలే. ఆరు నెలలు వెంట పడ్డ. ఆఖరుకు ఒక్క మాట అన్నది: "అక్క, నీకు, నాకు, ఆమెకు. నాలుగో చెవిల పడితె నేను ఈ వాకిట్ల ఉండ." నేను సరే అన్న. డాక్టరమ్మకు చెప్పిన. ఆమె ఆ మాటకు కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని, మా చదువుల మొదటి పాఠమే అది పెద్దమ్మా అన్నది. ఒప్పుకోలు కాగితం తీసింది. తెలుగుల అచ్చేసి ఉన్నది. నా యారాలుకు చదువు రాదు. ఎవరన్న చదివి వినిపియ్యాలె, అది వాళ్ళ కాయిదా, రూలన్నట్టు. నేను చదువుత అన్న.

ఆ పొద్దు నేను ఎట్ల చదివిన్నో ఇప్పటికీ యాదికున్నది. అద్దాలు తుడుసుకున్న. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం, ఒత్తు పోకుండ చదివిన. మీ పేరు ఎక్కడా రాయబడదు. మీ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి. గోప్యం అంటె ఏంది అని నా యారాలు అడిగింది. కడుపుల పెట్టుకునుడు అని నేనే అర్థం చెప్పిన. ఆమె నా దిక్కే చూసింది, డాక్టరమ్మ దిక్కు చూడలే. చూసి ఏలిముద్ర ఏసింది. తర్వాత తలుపు ఏసుకొని డాక్టరమ్మకు అంతా చెప్పింది. అలవాటు సంగతి సుత చెప్పింది. నేను పక్కనే ఉన్న.

ఆపరేషన్‌కు పిలుస్తమన్నరు. ఒక ఏడు పోయింది. డాక్టరమ్మ మల్ల వచ్చింది, ఈసారి కొత్త డాక్టర్లను ముగ్గురిని ఎంట తెచ్చింది, అవే ప్రశ్నలు మల్ల అడిగిండ్రు. వాళ్ళు నేర్చుకుంటున్నరు అన్నది. ఇంకొక ఏడు ఇంకొందరు. మా ఊరు వాళ్ళకు పలక అయింది. రాసుడు, తుడుసుడు, మల్ల కొత్తోళ్ళు రాసుడు. అయినా నేను తిరిగిన, తలుపులు కొట్టిన, నా మొఖం చూసి చెప్పుండ్రి అని బతిమాలిన. మా దిక్కు కొందరికి ఆపరేషన్ అయింది, ఆ మాట దాచుడు పాపం. నా యారాలు వంతు క్రిస్మస్ అయినంక అన్నరు. ఆమె పెట్టెల ఒక కొత్త చీర పెట్టుకున్నది, పట్నం పోనీకి.

క్రిస్మస్‌కు ముందు నారాయణఖేడ్‌ల ట్రైనింగు పెట్టిండ్రు. పట్నం నుంచి కత్తి డాక్టర్లు, లెక్క డాక్టర్లు, మా మండలాల నర్సమ్మలు, అప్పటికి ఆశా పని చేస్తున్న పిల్లలు, అందరూ ఒకటే హాల్ల కూసున్నరు. డాక్టరమ్మ ఇప్పుడు నేర్చుకునేది కాదు, నేర్పేది. నన్ను పిలిచి ముందటి కుర్చీల కూసోబెట్టి శాలువా కప్పింది. చప్పట్లు కొట్టిండ్రు. బస్సు ప్రశ్నను ఆమె తెర మీద చూపిచ్చింది, ఆడ నా ముచ్చట రాలే. అది నాకు బాధ కాలే. మాటకు గుత్తేదార్లుండరు.

అందరికీ కాగితాలు పంచిండ్రు. డాక్టర్లకు ఇంగ్లీషుల, మావోళ్ళకు తెలుగుల. నాకూ ఒకటి ఇచ్చిండ్రు. చదవనీకి వస్తదా అని పంచె ఆయన అడిగితె, గుంజుకున్న. రెండో పేజీల ఉదాహరణ అని రాసి ఉండె. ఒక స్త్రీ అని మొదలైతది. కాన్పు కష్టమైంది అని ఉన్నది. ఆ కింద, రోగులు తమ సమస్యను ఎంత తెలివిగా దాస్తారో గమనించండి అని రాసి, నా యారాలు అలవాటు రాసి ఉన్నది. పూర్తిగ. చర్చిల ఎట్ల చేస్తది, పెండ్లిల ఎట్ల చేస్తది, ఎందుకు చేస్తది.

నేను నిదానంగ చదివెటిదాన్ని. ఆ నాలుగు లైన్లు నాకు ఎంత సేపు పట్టిందో చెప్పలేను. తలకాయ ఎత్తి చూస్తె నా వెనుక వరుసల మా ఊరి ఆశా పిల్ల కూసొని ఉన్నది. చదువుకున్న పిల్ల, నాకంటె ముందుగాలనే చదివింది. ఆమె నన్నే చూస్తుండె. నవ్వలే. అయ్యో అన్నట్టు చూసింది. ఆ అయ్యోతోనే తెలిసింది, ఆమె మనిషిని గుర్తుపట్టిందని. పక్క కుర్చీల ఉన్నది పక్క ఊరి పిల్ల, ఆమె మా ఊరికి సుట్టమే. ఆమె కాగితం మీద వేలు పెట్టి ఆశా పిల్లను ఏందో అడిగింది. గంతె.

చాయ తాగనీకి బయటికి వచ్చినప్పుడు డాక్టరమ్మను పక్కకు పిలిచిన. కాగితం చూపిచ్చిన. ఆమెకు మొదలు అర్థమే కాలే.

"పేరు ఎక్కడా లేదు కదా పెద్దమ్మా. ఊరి పేరు కూడా తీసేశాను."

"మా ఊర్ల పేరుతోని ఎవరిని పిలుస్తరు బిడ్డా? నా ఇంట్ల ఇన్నేండ్లు తిన్నవ్, పన్నవ్. నా పేరేందో చెప్పు."

నా పేరు ఆమె కాగితాలల్ల ఉన్నది, నోట్ల లేదు. నేను పెద్దమ్మను. అప్పుడు చెప్పిన, నువ్వు రాసిన అలవాటే మా దాని పేరు అని. మీ దిక్కు పేరంటె బారసాల నాడు పెట్టింది. మా దిక్కు మనిషి ఎట్ల నడుస్తది, ఎట్ల కూసుంటది, ఏం తప్పు చేసింది, అదే పేరు. నువ్వు కాగితంల ఉన్న పేరు తీసేసి, ఊరు పిలిచే పేరు రాసినవ్. అది ఎందుకొచ్చిందో సుత రాసినవ్.

ఆమె మొఖం తెల్లబడ్డది. సారీ పెద్దమ్మా అన్నది, రెండు మూడు సార్లు అన్నది. అది ఉత్తగ అన్న మాట కాదు. వచ్చేసారి అచ్చు వేసేటప్పుడు తీసేస్తనన్నది. పంచినవి గుంజుకుంటవా అంటె, అందరి చేతులకు పోయినయి గద అన్నది. అంతవరకు సుత నేను ఓర్చుకున్న. చేసింది తప్పు, తప్పని ఒప్పుకున్నది, మనిషి అంటె గంతే గద అనుకున్న. అప్పుడు ఆమె చెయ్యి మెల్లగ సంచిల పోయింది. కలం తీసింది, చిన్న పుస్తకం తీసింది.

"ఇది చాలా ముఖ్యమైన విషయం పెద్దమ్మా. మా వాళ్ళెవరూ ఇలా ఆలోచించలేదు. ఇంకొకసారి చెప్పండి, రాసుకుంటాను."

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటె చుట్టకు నిప్పడిగినట్టు అంటరు. గా సామెత ఎవరో కోపంతోని కట్టింది అనుకునేదాన్ని. ఆమె మొఖంల దొంగతనం లేదు. నేర్చుకునే పిల్ల మొఖం. మొదటినాడు నా వాకిట్ల తలకాయ పట్టుకున్ననాడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది. నేను మల్ల చెప్పలే. శాలువా కుర్చీ మీద పెట్టి ఆటో ఎక్కిన.

నేను ఇల్లు చేరెటప్పటికి ముచ్చట చేరింది. ఆశా పిల్ల చెప్పలేదని ఒట్టు పెట్టింది, నేను నమ్ముత. పక్క ఊరి సుట్టం ఫోన్ల ఒక్కరితోని అన్నదట, గా ఒక్కరు చాలు. సాయంత్రం కుళాయి కాడ పిల్లలు నా యారాలును ఎప్పటి తీరుగనే ఆ పేరుతోని పిలిచిండ్రు. వాళ్ళకు ఏం తెల్వదు పాపం. పెద్దోళ్ళు మాత్రం ఆ పేరు వినంగనే మాట బంద్ చేసిండ్రట. గట్ల ఆమెకు అర్థమైంది. కాగితం ఎవరూ ఆమెకు చదివి వినిపియ్యలే. అందరు ఊకున్నరు, గంతే.

నా యారాలు వాకిట్ల చాట ముందటేసుకొని కందిపప్పు ఏరుతుండె. నేను ఎదురుంగ కూసున్న. డాక్టరమ్మను తిట్టిన. నమ్మిచ్చి గొంతు కోసింది, నా ఉప్పు తిని నన్నే ముంచింది అని నోటికొచ్చినయన్నీ అన్న. ఆమె రాళ్ళు ఏరుకుంటనే ఉన్నది. నేను అలిసి ఊకున్నంక అన్నది.

"ఆమెకు నేనెవరో ఏం తెలుసక్క. రాసెటోళ్ళు రాస్తరు. నాకు చదివి చెప్పింది నువ్వు."

నా దగ్గర ఒప్పుకోలు కాగితం నకలుండె. ట్రంకు పెట్టెలకెళ్ళి తీసి మల్ల చదివిన. మీ పేరు ఎక్కడా రాయబడదు. రాయలే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధముంటె కొట్లాడుదును, నర్సమ్మ కాడికి పోదును, పట్నంల పెద్ద సారు కాడికి పోదును. నిజం మీద ఎవరికి ఫిర్యాదు చేస్తరు? డాక్టరమ్మ చెడ్డ మనిషైతె నాకు నిద్ర పట్టేది. మంచిదే. నేను కాన్పు చేసినప్పుడు మంచి చెయ్యనీకే చేసిన, అప్పుడు సుత దెబ్బ తిన్నది అదే మనిషి. గా మాట నేను నా పెనిమిటికి సుత చెప్పుకోలే.

క్రిస్మస్ అయినంక చీటి వచ్చింది. ఫలానా నాడు పట్నం రావాలె, మంచం ఖాళీ ఉన్నది అని. నర్సమ్మ తెచ్చింది. నా యారాలు చీటి ముట్టుకోలే. నేను బతిమాలిన, నా మరిది బతిమాలిండు. పాపం, భార్యకు ఏమున్నదో ఊరంత తెలిసినంక తెలిసింది ఆయనకు. ఆయన సిగ్గు ఆయనది. పట్నంల ఆపరేషన్ బల్ల చుట్టు నిలబడేది నేర్చుకునెటోళ్ళే గద అక్క అన్నది ఆమె. చర్చికి పోవుడు బంద్ చేసింది. ఏడాది తిరగకముందే పెద్ద బిడ్డ ఇంటికి, కర్ణాటక సరిహద్దు దిక్కు పోయింది. నాగల్‌గిద్ద అని రాస్తున్న, ఆ దిక్కు ఏదో ఒక ఊరు అనుకోండ్రి. ఆడ సగం మంది కన్నడం మాట్లాడుతరు, ఆమె అలవాటుకు ఆ భాషల పేరు లేదు.

మా వాకిలి నడుమ గోడ పెట్టలే. పెట్టే పని లేకుండె. మరిది సుత కొన్నొద్దులకు ఆడికే పోయిండు.

డాక్టరమ్మ రెండు మూడు సార్లు ఫోన్ చేసింది, నేను ఎత్తలే. నాలుగేండ్లు పోయినంక కొత్త డాక్టరు పిల్ల ఒకతి మా ఇల్లు వెతుక్కుంట వచ్చింది. లెక్క డాక్టరు. మంచి పిల్ల, చెప్పులు బయట ఇడిసి వచ్చింది. మీ గురించి మాకు పాఠం ఉన్నదమ్మా అన్నది సంతోషంగ. ఏం పాఠం అన్న. పేరు తీసేస్తె సరిపోదు, ఊర్ల మనిషిని గుర్తుపట్టే సంగతులన్నీ తీసెయ్యాలె అని ఒక పెద్దామె మా మేడమ్‌కు నేర్పింది, అది ఇప్పుడు ట్రైనింగుకు వచ్చిన డాక్టర్లందరికీ మొదటి వారమే చెప్తరు అన్నది. మంచిదే బిడ్డా, ఎట్ల చెప్తరు అని అడిగిన. ఉదాహరణతోని చెప్తరమ్మా అని, నా వాకిట్ల నిలబడి, నా యారాలు అలవాటు నాకు చెప్పింది. తప్పు ఎట్ల జరుగుతదో చూపియ్యాలంటె తప్పు చెప్పాలె గద. ఎన్ని ఊర్ల డాక్టర్లు విన్నరో దేవునికే ఎరుక.

ఆ పిల్లను నేను తిట్టలే. మంచినీళ్ళు ఇచ్చిన. నా దగ్గర అడిగేటివి ఏం లేవు, పో బిడ్డా అన్న. నేను రాసే ఈ రాతల సుత ఆ అలవాటు లేదు. ఎంతమంది పిల్లలో రాయలే, వయసు చెప్పలే. చదివెటోళ్ళకు రుచి తగ్గితె తగ్గనీ.

తెలంగాణ వచ్చిన ఏడు, వానలు పడ్డంక, నేను బస్సెక్కి నా యారాలును చూడబోయిన. అంతకుముందు ఒక పెండ్లిల కనబడ్డది గని దూరంకెళ్ళే. ఈసారి ఇంటికే పోయిన. గడపల పీట ఏసింది. చాయ చేసింది. కందులు ఎట్లున్నయి, మరిది మోకాలు ఎట్లున్నది, అన్నీ మాట్లాడినం. ఆమె బిడ్డ లోపల రొట్టె చేస్తుండె. బీదర్‌ల ఏదో దవాఖానకు తల్లిని తోలుకపోయిందని నాకు ఎవరో చెప్పిండ్రు, అందుకే పోయిన, నిజం చెప్పాలంటె. ఎవరికీ చెప్పకుండ, ఏ కాగితం లేకుండ పోయిండ్రట. ఆపరేషన్ అయిందో కాలేదో తెల్వదు.

నాకు తెలుసుకోవాలని ఉండె. ఆ కాన్పు నా చేతుల మీదిది. నేను సచ్చెలోపల అది ఒక్కటి తెలిస్తె చాలు అనుకుంట పోయిన. చాయ గ్లాసు కింద పెట్టి, మెల్లగ, పిల్లా, బాగైందా అని అడిగిన.

ఆమె నా మొఖం చూసింది. కోపం లేదు. ఎవరో తెల్వని మనిషి తొవ్వ అడిగితె చూసినట్టు చూసింది.

"నువ్వు అడుగుతున్నవా అక్క, వాళ్ళు అడిగి రమ్మన్నరా?"

నేను అడుగుతున్న అని చెప్పొచ్చు. చెప్పినా ఆమె నమ్మాలె గద, నమ్మమని అడిగే మొఖం నాకు లేదు. బిడ్డ రొట్టె తినిపొమ్మన్నది. తిన్న. మరిది ఆటో దాక సాగనంపిండు, ఆయన సుత ఆ ముచ్చట ఎత్తలే. బాగైందో లేదో నాకు ఇప్పటికీ తెల్వదు.